సీక్వెల్ సినిమా రివ్యూలు చదివే పద్ధతి

సినిమా రివ్యూలను ఒకచోట చేర్చే రాటెన్ టొమాటోస్ వెబ్‌సైట్‌లో కనిపించే శాతాన్ని మార్కులనుకోకండి. బెంగళూరు మారతహళ్లిలో మా అపార్ట్‌మెంట్ పిల్లలకు శనివారాలు సినిమా వేసేటప్పుడు ముందు ఈ మాటే చెబుతాను. బాగుందన్న విమర్శకులు వందకి ఎంతమందో మాత్రమే ఆ అంకె చెబుతుంది. పదిమందీ పదికి ఆరే ఇచ్చినా అది 100 శాతం అవుతుంది. ఎంత నచ్చిందో తెలియాలంటే విమర్శకుల మార్కుల సగటు లెక్కకట్టే మెటాక్రిటిక్ సైట్ చూడండి, ఆ తర్వాత రివ్యూలే చదవండి.

కాలంలో ముందుకూ వెనక్కూ ప్రయాణించే హాలీవుడ్ కామెడీ ‘బ్యాక్ టు ది ఫ్యూచర్’ రెండో భాగంతో మొదలుపెడితే మంచిది. మొదటిది 1985లో, ఇది 1989 నవంబరులో వచ్చాయి. మీరు చదివే ప్రతి రివ్యూ పక్కన తేదీ రాసుకోండి. 2015 అక్టోబరు 21 చుట్టూ వచ్చిన వ్యాసాలు వేరే కట్టలో పెట్టాలి. సినిమాలో హీరో మార్టీ వెళ్లే తేదీ అదే కాబట్టి, వీడియో కాల్ వచ్చిందా, గాల్లో తేలే బోర్డు వచ్చిందా అని అప్పుడు చాలామంది రాశారు. చదవడానికి సరదాగానే ఉంటాయి గానీ, సినిమా ఎలా ఉందో వాటివల్ల తెలియదు.

తర్వాత ఫిర్యాదులను విడదీయండి. ఇది సినిమా లోపమా, మొదటి భాగం మీద బెంగా? అమెరికన్ సినిమా విమర్శకుడు రోజర్ ఈబర్ట్ మొదటిదానికి నాలుగుకి మూడున్నర స్టార్లు, దీనికి మూడు ఇచ్చాడు. అర స్టారు ఎందుకు తగ్గిందో వెతకడమే అసలు పని. కథ 2015కి వెళ్లి, తలకిందులైన 1985కి తిరిగొచ్చి, మళ్లీ 1955లో పడుతుంది. మొదటి భాగంలో చూసిన సన్నివేశాలే అక్కడ ఇంకో మూలనుంచి కనిపిస్తాయి. కొందరికి అది గజిబిజి, కొందరికి అదే గొప్ప తెలివి. ఒకే విషయాన్ని ఒకరు మెచ్చుకుని ఇంకొకరు తప్పుపట్టారంటే, ఆ ఘట్టాన్ని మీరే రెండుసార్లు చూడాలి. నాకైతే సినిమా మొత్తంలో అదే ప్రాణం.

కామెడీ కాబట్టి, నవ్వు ఎక్కడ పుట్టిందో రాసిన రివ్యూకే ఎక్కువ విలువ ఇవ్వండి. “నవ్వులు తగ్గాయి” అని ఊరుకున్నవాటిని పక్కన పెట్టేయొచ్చు. మన పిల్లలకు ఇది నేర్పాలంటే 1991 నాటి తెలుగు కాలయాత్ర సినిమా ‘ఆదిత్య 369’ చాలా బాగా పనికొస్తుంది. రాయలవారి కాలంలో ఎక్కడ నవ్వారు, 2504లో ఎక్కడ నవ్వారు అని అడగండి. హంపి టూర్‌కి వెళ్లొచ్చిన బెంగళూరు పిల్లలు రాయల ఘట్టం గురించి ఆపకుండా చెబుతారు.

“కథ మధ్యలో ఆగిపోయింది” అన్న ఫిర్యాదుపై మాత్రం అప్పుడే తీర్పు ఇవ్వకండి. రెండు, మూడు భాగాలను వెంటవెంటనే తీశారు, మూడోది 1990 మేలో విడుదలైంది. రెండూ వరుసగా చూశాక ఆ మాట నిలుస్తుందో లేదో తేల్చుకోండి.