రోజూ గడ్డం గీసుకునేవారికి: బ్లేడు రేజరా, కరెంటు షేవరా?

అట్ట మీద మూడు బ్లేడ్లు, అయిదు బ్లేడ్లు అని రాసుంది కదా అని రేజర్ కొనకండి. ముందు మీ గడ్డాన్ని చూసుకోండి. రెండు రోజులు గీయకుండా వదిలి, బుగ్గ నుంచి గొంతు దాకా వేళ్లతో నిమరండి. ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గరుగ్గా తగులుతుంది. నున్నగా తగిలే వైపే వెంట్రుక వాలు. చాలామందికి బుగ్గల మీద కిందికి వాలినా, గొంతు దగ్గర పక్కకో పైకో తిరుగుతుంది. మంట పుట్టేదీ, పొక్కులు లేచేదీ ఎక్కువగా అక్కడే.

షేవర్లు రెండు రకాలు. ఫాయిల్ షేవర్‌కి పైన సన్నటి చిల్లుల రేకు, దాని కింద అటూ ఇటూ ఊగే కత్తెర ఉంటాయి. ఆ చిల్లులోకి దూరేది పొట్టి వెంట్రుకే. మూడు రోజుల గడ్డమైతే చర్మానికి అంటుకుని పడుకుంటుంది, చిల్లులో పడక పీకుతుంది. కాబట్టి పొద్దున్నే బ్యాంకుకో స్టేషన్‌కో బయలుదేరే వాళ్లకు, అంటే నిజంగా రోజూ గీసేవాళ్లకే ఫాయిల్. రెండు మూడు రోజులకోసారి గీసేవాళ్లకు గుండ్రటి తలలుండే రోటరీ నయం. షుగరు ఉన్నవాళ్లూ, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లూ బ్లేడు కన్నా షేవర్‌కే మొగ్గు చూపడం మంచిది, తెగే భయం తక్కువ. ఏ రకం కొన్నా చర్మం అలవాటు పడటానికి రెండు మూడు వారాలు పడుతుంది. మూడో రోజుకే బాగోలేదని మూలన పడేయొద్దు.

మన వైపు షేవర్‌కి అసలు శత్రువు చెమట. మే నెలలో శ్రీకాకుళం ఉక్కపోతలో తడి చర్మం మీద రేకు జారదు, పట్టేస్తుంది. స్నానానికి ముందే ఫ్యాను కింద కూర్చుని, ముఖం పొడిగా తుడిచి, కొంచెం పౌడరు రాసుకుని గీయండి.

మిగతా అందరికీ మా సలహా పాత రెండంచుల రేజరే. గిల్లెట్‌కి 1904లో పేటెంటు వచ్చిన ఆ పద్ధతే ఇప్పటికీ నడుస్తోంది. బ్లేడు చవక, ఏ కిరాణా కొట్టులోనైనా దొరుకుతుంది. అయిదు బ్లేడ్ల కాట్రిడ్జికి, అంటే బ్లేడ్లు బిగించే వచ్చే విడి తలకి, కుళాయి ధార కావాలి. మగ్గులో ముంచి కడిగితే సందుల్లో వెంట్రుకలు ఇరుక్కుపోతాయి. రెండంచుల రేజర్ మరీ పదునని భయపడేవాళ్లు ఒకే బ్లేడున్న కాట్రిడ్జి తీసుకోవచ్చు. 2010లో మన దేశంలో వచ్చిన గిల్లెట్ గార్డ్ మగ్గు నీళ్లకు తగ్గట్టు తయారైందే.

రెండంచుల రేజర్ వాడకం ఇలా. బ్లేడును పదును లేని పొట్టి చివరలు పట్టుకుని పెట్టండి. బిగించాక రెండు వైపులా అంచు సమానంగా బయటికి కనిపించాలి. ఒకవైపు ఎక్కువైతే ఆ వైపే కోస్తుంది. గడ్డాన్ని గోరువెచ్చటి నీళ్లతో మూడు నిమిషాలు నాననివ్వండి. ఇది మానొద్దు. వెంట్రుక ఉక్కు కన్నా ఎంతో మెత్తనే, అయినా బ్లేడు అంచును పెచ్చులూడగొట్టేది అదే. నానిన వెంట్రుక తేలిగ్గా తెగుతుంది. తర్వాత నురగ పట్టించండి. ఉప్పు బోరు నీళ్లకు నురగ రాకపోతే, చెంబెడు మంచినీళ్లు విడిగా తెచ్చుకోండి.

రేజర్ తలను బుగ్గకి ఆనించి, పిడిని మెల్లగా కిందికి దించండి. బ్లేడు వెంట్రుకను అందుకున్న చోట ఆపండి. చర్మానికి బ్లేడు సుమారు 30 డిగ్రీల్లో ఉంటుంది. నొక్కొద్దు, రేజర్ బరువే చాలు. రెండు సెంటీమీటర్లకు మించని చిన్న చిన్న గీతలు. మొదట వాలు వెంబడి, మళ్లీ నురగ పట్టించి అడ్డంగా. బేగి అయిపోతుందని ఎదురు గీస్తే, ఉంగరాల వెంట్రుక ఉన్నవాళ్లకు తెగిన మొన చర్మంలోకే తిరిగి పొక్కు లేస్తుంది. చివర్లో చల్లటి నీళ్లతో కడిగి, తడి పటిక రాసుకోండి.

మూడు నుంచి అయిదు సార్లు గడ్డం గీసుకున్నాక బ్లేడు మార్చండి. పీకడం మొదలైతే అంతకు ముందే. కళింగపట్నం, భావనపాడు లాంటి ఒడ్డు ఊళ్లలో ఉప్పుగాలికి రేజర్ బేగి తుప్పుపడుతుంది, విదిలించి పొడిచోట పెట్టండి. వాడిన బ్లేడ్లు చెత్త సంచిలో వేయకుండా, మూతకి సన్నటి గాడి కోసిన డబ్బాలో వేయండి. ఇంట్లో అన్నదమ్ములైనా ఒకరి బ్లేడు ఒకరు వాడకూడదు, హెపటైటిస్ బి, సి అలా అంటుకోగలవు.

షేవర్‌ని సబ్బు నీళ్లతో కడిగితే, ఆరాక రేకు మీద ఒక చుక్క కుట్టుమిషను నూనె వేయండి. కొబ్బరినూనె వద్దు, చలికాలం గడ్డకట్టి కత్తెరను పట్టేస్తుంది. రేకును వెలుతురుకి పెట్టి చూసి, చిరుగు కనిపిస్తే ఆ రోజు నుంచే ఆపేయాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుఫాను తర్వాత ఉద్దానంలో రోజుల తరబడి కరెంటు లేదు. అందుకని షేవర్ వాడేవాళ్లు కూడా ఒక రేజర్, ఒక ప్యాకెట్ బ్లేడ్లు ఇంట్లో ఉంచుకోండి.

షేవర్ కొనేముందు శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌లోనో, విజయనగరం గంటస్తంభం దగ్గరో అడగాల్సిన ప్రశ్న ఒకటే: ఈ మోడల్‌కి విడి రేకు, కత్తెర దొరుకుతాయా? ఏడాదిన్నర రెండేళ్లకు అవి మార్చాల్సిందే. దొరుకుతాయంటే, వాటి నంబరు బిల్లు వెనక రాయించుకోండి.