మోత: ఎక్కడ కుదురుతుంది, ఎక్కడ కుదరదు

‘మోత’ నిజానికి ఒక మాట కాదు, రెండు. మ్రోగేది మ్రోత, మోసేది మోత. మొదటిదానిలో రావత్తు వాడుకలో జారిపోయి రెండూ ఒకేలా కనబడుతున్నాయి. అందుకే 1852 నాటి బ్రౌన్ నిఘంటువు లాంటి పాతవి తెరిచినప్పుడు ధ్వని అర్థం కోసం ‘మ్రోత’ దగ్గర వెతకండి. ‘ఇంట ఈగల మోత, బయట పల్లకీ మోత’ అనే సామెత నిలబడింది ఈ రెండింటి కలయిక మీదే. మొదటిది ఈగలు ముసిరే రొద, రెండోది బోయీలు మోయడం. ఇంట్లో గడవకపోయినా బయట దర్పం ఒలకబోసేవాళ్ల గురించి చెప్పే సామెత అది.

ధ్వనికి వాడేటప్పుడు మూడు సంగతులు చూసుకోండి: కొట్టడం, ఊదడం, పేలడం లాంటిది ఉందా, అది వరసగా సాగుతోందా, గట్టిగా ఉందా. ఒక్క టపాసు పేలితే చప్పుడు, పదివేల వాలా అంటిస్తే మోత. గోల్కొండ కోట ద్వారం కింద ఒకరు చప్పట్లు కొడితే కొండ పైన బాలా హిస్సార్ మంటపంలో వినిపించేది చప్పుడే. రవీంద్రభారతిలో సభంతా కలిసి కొడితే చప్పట్ల మోత. లాల్‌దర్వాజ బోనాలకు డప్పుల మోత, సిగ్నల్ పడ్డాక హారన్ల మోత. ముందుండే మాట దాదాపు ఎప్పుడూ బహువచనమే. ‘మోతలు’ అని మాత్రం రాయకండి, చెవికి ఆనదు. సామెతలోని ఈగల మోత పాత వాడుక. దాన్ని చూసి దోమలకూ తేనెటీగలకూ ఇప్పుడు మోత అంటగడితే ఎబ్బెట్టుగా ఉంటుంది.

కథలో హైదరాబాదీ పాత్ర మాట్లాడుతుంటే మోత కంటే ‘సప్పుడు’ సహజం. ‘డప్పు సప్పుడు ఇనవడ్తుంది’, ‘సప్పుడు జెయ్యకుండ కూసో’. కథకుడి గొంతులో మోత, పాత్ర నోట సప్పుడు ఉండటంలో తప్పేమీ లేదు. ఆ తేడానే కథకు ఊరిని ఇస్తుంది.

జనరేటర్‌ది రొద, దానిలో దెబ్బ లేదు, విరామం లేదు. గాజులది సవ్వడి. పక్క గదిలో మనిషి కదిలితే అలికిడి. ఫిర్యాదు రాస్తుంటే ఇవన్నీ పక్కనపెట్టి ‘శబ్దం’ అనే రాయండి. 2000 నాటి శబ్ద కాలుష్య నియమాలు నివాస ప్రాంతాలకు పగలు 55, రాత్రి 45 డెసిబెళ్ల పరిమితి పెట్టాయి. రాత్రి అంటే 10 గంటల నుంచి ఉదయం 6 దాకా. ‘డీజే మోత భరించలేకున్నాం’ అంటే బాధ తెలుస్తుంది. ‘రాత్రి 11:30కి ఫలానా వీధిలో డీజే శబ్దం’ అంటే వచ్చి పట్టుకోవడానికి వీలవుతుంది.

ఎక్కువ తప్పులు దొర్లేది శీర్షికల్లో. ‘బస్సు చార్జీల మోత’ అన్నప్పుడు పాఠకుడికి బరువూ తడుతుంది, డప్పు దెబ్బా తడుతుంది. అంతవరకు బాగానే ఉంటుంది, చిక్కంతా తర్వాత వచ్చే క్రియతోనే. మోగించడం, హోరెత్తడం, దద్దరిల్లడం ధ్వని వైపువి. మోయడం, దించడం బరువు వైపువి. ‘చార్జీల మోత మోగడంతో మోయలేకపోతున్న జనం’ అని రాస్తే వాక్యం సగంలో అర్థం మారిపోతుంది. ‘చార్జీల మోత మోయలేక జనం విలవిల’ అనండి, లేదా ‘మళ్లీ మోగిన చార్జీల మోత’ అనండి. ఒక్కసారే భారీగా పెంచితే ‘వాత’ ఇంకా సూటిగా తగులుతుంది; విడతలు విడతలుగా పెంచుతూ పోయినప్పుడే మోతకు న్యాయం జరుగుతుంది. చావులూ ప్రమాదాల వార్తల్లో మాత్రం, తుపాకుల మోత లాంటి నిజమైన ధ్వని ఉంటే తప్ప, ఈ మాటను అలంకారంగా వాడకండి.