నాబ్ వదలగానే ఓవెన్ ఆరిపోతోందా?
గ్యాస్ ఓవెన్ నాబ్ వదలగానే మంట ఆరిపోతుంటే సిలిండర్‌ను తిట్టుకునే ముందు బర్నర్ పక్కనున్న సన్నని లోహపు కడ్డీని చూడండి. అది థర్మోకపుల్. మంట తగిలి దాని కొస వేడెక్కితే కొన్ని మిల్లీవోల్టుల విద్యుత్తు పుడుతుంది, ఆ కాస్తే గ్యాస్ వాల్వును తెరిచి ఉంచుతుంది. కొసకు మసి పట్టినా, మంటకు ఎడంగా జరిగినా వాల్వు మూసుకుపోతుంది.

బెంగళూరులో మా ఇంట్లో నెల రోజులు ఇదే తంటా. వచ్చిన మెకానిక్ వాల్వే మార్చాలన్నాడు. నాకు నమ్మకం కుదరలేదు. రెగ్యులేటర్ కట్టేసి, ఓవెన్ పూర్తిగా చల్లారాక గిన్నెలు తోమే పీచుతో కొసను మెల్లగా రుద్దితే కాటుకలాంటి మసి రాలింది. తర్వాత నాబ్‌ను 15 సెకన్లు నొక్కిపట్టి వదిలితే మంట నిలిచింది.

మంట నిలిచినా కేకు నడుమ పచ్చిగానే ఉంటే అది వేరే జబ్బు. నాబ్ మీది అంకెను నమ్మకండి, ఓవెన్ థర్మామీటరును నడి అరలో 20 నిమిషాలు ఉంచి చూడండి. మాది 180 అంటే 150 దగ్గరే ఆగేది, తలుపు రబ్బరు ఒక మూల ఊడిపోయింది మరి!

గ్యాస్ వాసన వస్తే మాత్రం ఈ వైద్యాలేవీ వద్దు. రెగ్యులేటర్ ఆపి, కిటికీలు తెరిచి, స్విచ్చులు ముట్టకుండా బయటికి వచ్చి 1906కు ఫోన్ చేయండి.