వయసు మళ్లిన ఇద్దరు బాక్సర్లలో ఎవరు గెలుస్తారో చెప్పడం ఎలా?

పాత హైలైట్లు పక్కన పెట్టండి. నేను ఇద్దరి చివరి ఫైట్లే చూస్తాను, అదీ ఆరో రౌండ్ దాటాక. ముందు కాళ్లు: పంచ్ విసిరాక పక్కకు జరుగుతున్నాడా, అక్కడే నిలబడిపోతున్నాడా?

తర్వాత, అతని ఆట దేని మీద నిలబడిందో చూడండి. 2010 ఏప్రిల్‌లో, లాస్ వేగాస్‌లో, అమెరికన్ బాక్సర్లు బెర్నార్డ్ హాప్కిన్స్, రాయ్ జోన్స్ రెండోసారి తలపడ్డారు. అప్పటికి హాప్కిన్స్‌కు 45 ఏళ్లు, జోన్స్‌కు 41. 1993లో జరిగిన వాళ్ల మొదటి ఫైట్‌లో గెలిచింది జోన్సే. కానీ చేతులు దించి, మెరుపు వేగాన్నే నమ్ముకున్న ఆట అతనిది. వేగం తగ్గాక 2004లో రెండుసార్లు నాకౌట్ అయ్యాడు. 2009లో డానీ గ్రీన్ అతన్ని మొదటి రౌండ్‌లోనే ముగించాడు. హాప్కిన్స్‌ది దూరం కొలుచుకుని, క్లించ్‌లో (ప్రత్యర్థిని దగ్గరగా పట్టేసుకుని) నలిపేసే పద్ధతి. 2010లో అతనే పాయింట్ల మీద గెలిచాడు.

మాట తడబడుతున్న బాక్సర్ ఉంటే మాత్రం నేను అంచనా వేయను; తలకు తగిలిన దెబ్బల ప్రభావం కావచ్చది. ఆ ఫైట్ అసలు జరగకూడదు.

పంచ్ పవర్ అన్నిటికన్నా ఆలస్యంగా పోతుంది. అందుకే మొదటి నాలుగు రౌండ్లలో ఎవరినీ తీసిపారేయకండి.