ట్రావెల్ ట్రెయిలర్ ఇబ్బంది పెడితే: లక్షణం, కారణం, పరిష్కారం

నాలుగేళ్ళ క్రితం డాలస్‌లో ఒక పాత ట్రావెల్ ట్రెయిలర్ కొన్నాం. అంటే ట్రక్కు వెనక తగిలించి లాక్కెళ్ళే చక్రాల ఇల్లు, 26 అడుగులది. పిల్లలకి సెలవు దొరికితే చాలు, ట్రక్కుకి తగిలించుకుని ఏదో ఒక స్టేట్ పార్కుకి బయల్దేరతాం. మమ్మల్ని చూసి తెలిసినవాళ్ళు చాలామంది కొన్నారు. ఇప్పుడు శుక్రవారం సాయంత్రం నా ఫోన్ మోగిందంటే ఏదో ఒక క్యాంప్‌సైట్ నుంచే. అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు కాబట్టి ఇక్కడ రాసి పెడుతున్నా.

ట్రెయిలర్‌లో తేడా కనిపించేది ఒకచోట, దానికి కారణం ఉండేది ఇంకోచోట. ఫర్నేస్ (గ్యాస్‌తో లోపల వెచ్చబరిచే హీటర్) వెలగకపోతే తప్పు బ్యాటరీది కావచ్చు. ఫ్రిజ్ చల్లబడకపోతే తప్పు బండి నిలబెట్టిన నేలది కావచ్చు. అందుకే పార్టు ఆర్డర్ పెట్టే ముందు ఓ పావుగంట వెతకండి.

హైవే మీద ట్రెయిలర్ అటూ ఇటూ ఊగుతోంది

అన్నిటికంటే ప్రమాదం ఇదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెప్తాను.

మొదటి ఏడాది పాలో డ్యూరో కాన్యన్ చూద్దామని 287 హైవే మీద వెళ్తున్నాం. విచిటా ఫాల్స్ దాటాక పక్కగాలి మొదలైంది. ఒక పెద్ద సెమీ ట్రక్కు మమ్మల్ని దాటుతుంటే, దాని గాలి ముందు మమ్మల్ని అవతలికి నెట్టి, వెంటనే లోపలికి లాగింది. అద్దంలో చూస్తే ట్రెయిలర్ వెనక భాగం ఒకసారి ఎడమకి, ఒకసారి కుడికి వస్తోంది. ప్రతి ఊపూ ముందుదానికంటే పెద్దది. వెనక సీట్లో పిల్లలు మాట్లాడ్డం ఆపేశారు. ఆ నిశ్శబ్దం నాకింకా గుర్తుంది.

అలాంటప్పుడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేయండి. స్టీరింగ్ నిటారుగా గట్టిగా పట్టుకోండి, ఊపుకి ఎదురు తిప్పొద్దు. ట్రక్కు బ్రేకు తొక్కొద్దు, స్పీడు పెంచొద్దు. ట్రెయిలర్ బ్రేకుల్ని నడిపించే బ్రేక్ కంట్రోలర్ మీద చేత్తో నొక్కే మీట ఉంటుంది, దాన్ని నొక్కండి. అప్పుడు ట్రెయిలర్ బ్రేకులు మాత్రమే పడి, వెనక నుంచి పట్టి లాగినట్టు బండి సాపు అవుతుంది. ఆ మీట ఎక్కడుందో ఇంటి ముందు నిలబడి ఉన్నప్పుడే కళ్ళు మూసుకుని వెతికి చూసుకోండి. హైవే మీద వెతికే టైముండదు.

కారణం నూటికి తొంభై పాళ్ళు బరువు సర్దిన తీరే. ట్రక్కు వెనక ట్రెయిలర్‌ని తగిలించే గుండు, అంటే హిచ్ బాల్ మీద పడే బరువుని టంగ్ వెయిట్ అంటారు. అది ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ఉండాలి. తగ్గిందంటే వెనక భాగం ఊగడానికి సిద్ధంగా ఉన్నట్టే. ఆ రోజు మేం వెనక బంపర్ ర్యాకుకి నాలుగు సైకిళ్ళు కట్టాం. వెనక బెడ్ కింద బియ్యం బస్తా, పనిముట్ల పెట్టె పెట్టాం. యాక్సిల్ (చక్రాల ఇరుసు) వెనకున్న 40 గ్యాలన్ల మంచినీళ్ళ ట్యాంకు నిండా నింపాం. గ్యాలన్ నీళ్ళు 8.3 పౌండ్లు, అంటే ఒక్క నీళ్ళే 330 పౌండ్లు.

తర్వాతి ట్రక్ స్టాపులో క్యాట్ స్కేల్ (లారీలు తూచే కాటా) మీద తూచాం. ముందు వెయిట్ డిస్ట్రిబ్యూషన్ బార్లు (హిచ్ మీది బరువుని ముందు చక్రాలకీ పంచే కడ్డీలు) వదులు చేసి ట్రెయిలర్‌తో సహా, తర్వాత ట్రక్కు ఒక్కటే. రెండుసార్లూ ట్రక్కు యాక్సిళ్ళ మీద పడిన బరువులో తేడాయే టంగ్ వెయిట్. మాది 5,800 పౌండ్ల ట్రెయిలర్‌కి 430 వచ్చింది, ఏడున్నర శాతం కూడా లేదు. సైకిళ్ళు ట్రక్కులోకి మార్చాం, నీళ్ళు మూడో వంతు ఉంచి వదిలేశాం, బియ్యం, పనిముట్లు ముందరి డిక్కీలోకి తెచ్చాం. మళ్ళీ తూస్తే 5,440కి 680 పౌండ్లు, అంటే పన్నెండున్నర శాతం. మిగిలిన దారంతా అదే గాలి, అవే సెమీలు. బండి మాత్రం కదల్లేదు.

ఊగుడుని అడ్డుకునే యాంటీ స్వే బారు కొనమని అందరూ చెప్తారు. కొనండి, మేమూ వాడతాం. కానీ అది బరువు తప్పుని కప్పిపుచ్చుతుందే గానీ సరిచేయదు. ముందు తూకం, తర్వాతే బారు.

ఇక్కడే ఇంకో లెక్క కూడా చూసుకోవాలి. మాకు ట్రక్కు అమ్మినాయన 9,000 పౌండ్లు లాగుతుందని చెప్పాడు గానీ పేలోడ్, అంటే ట్రక్కు తన మీద మోయగల బరువు, ఆ మాటే ఎత్తలేదు. డ్రైవర్ తలుపు తీస్తే పక్కన పసుపు రంగు స్టిక్కర్ మీద ఆ అంకె ఉంటుంది. మాది 1,450. మనుషులు నలుగురం 560, టంగ్ వెయిట్ 680, హిచ్ 90 పోతే మిగిలేది 120. అందులోనే సైకిళ్ళు, కూలర్ అన్నీ సర్దాలి. 140 పౌండ్ల సైకిళ్ళతోనే అది దాటిపోతుంది. అందుకే తర్వాతి ట్రిప్పు నుంచి పిల్లల సైకిళ్ళు రెండే తెస్తున్నాం. లాగే శక్తి కంటే ముందు అయిపోయేది పేలోడే.

ట్రక్కు వెనక కిందికి దిగి, ముందు పైకి లేచింది

ముందు చక్రాల మీద బరువు తగ్గిందని అర్థం. స్టీరింగ్ తేలిపోతుంది, రాత్రి హెడ్‌లైట్లు చెట్ల మీద పడతాయి. ట్రెయిలర్ తగిలించక ముందు, తగిలించాక ముందు చక్రం పైనున్న అంచు నేల నుంచి ఎంత ఎత్తుందో టేపుతో కొలవండి. వెయిట్ డిస్ట్రిబ్యూషన్ హిచ్‌ని బిగించి, ఆ అంచుని ట్రక్కు మాన్యువల్ చెప్పినంత వరకు కిందికి తీసుకురండి. ట్రెయిలర్ నేలకి సమాంతరంగా ఉండాలి. ముక్కు పైకెత్తి ఉంటే మళ్ళీ ఊగుడు సమస్యే.

టైరు పేలింది, లేదా ఒక చక్రం మాత్రం కాలిపోతోంది

చూట్టానికి కొత్తగా ఉన్న టైరు పేలిందంటే వయసు చూడండి. టైరు మీద డాట్ కోడ్ చివర నాలుగంకెలుంటాయి. 3219 అంటే 2019లో 32వ వారం తయారైంది. ట్రెయిలర్ టైర్లు అరగడం కంటే ముందే ముసలివైపోతాయి. ఐదారేళ్ళు దాటితే ట్రెడ్ ఎంత ఉన్నా మార్చేయండి. గాలి తగ్గినా, బరువు ఎక్కువైనా, టైరు రేటింగు దాటి పరిగెత్తించినా వేడెక్కి పేలతాయి. గాలి పొద్దున్నే, బండి కదలక ముందు చూడాలి. ట్రెయిలర్ టైర్లలో కొన్నిటి స్పీడ్ రేటింగు 65 మైళ్ళే.

ఆగిన ప్రతిచోటా చెయ్యి వెనక వైపుని హబ్ (చక్రం మధ్యభాగం) దగ్గరగా పెట్టి చూడటం అలవాటు చేసుకోండి. నాలుగూ ఒకేలా వెచ్చగా ఉంటే పర్లేదు. ఒక్కటే సుర్రుమంటే బేరింగ్‌లో గ్రీజు అయిపోయిందో, బ్రేక్ పట్టేసి ఉందో చూడాలి. బేరింగులు ఏడాదికోసారి విప్పి, కడిగి, కొత్త గ్రీజు పెట్టాలి. చక్రం తీసి బిగించాక మొదటి 50 మైళ్ళలో నట్లు టార్క్ రెంచితో మళ్ళీ చూసుకోండి, వదులవుతాయి.

లైట్లు ఒకసారి వెలుగుతున్నాయి, ఒకసారి వెలగట్లేదు

ట్రక్కుకీ ట్రెయిలర్‌కీ మధ్య ఉండే ఏడు పిన్నుల ప్లగ్గు తీసి లోపల చూడండి. పచ్చగా చిలుం పట్టి ఉంటుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి చిన్న బ్రష్షుతో తోమండి. ఒక లైటు వేస్తే ఇంకోటి మినుకుమంటే తెల్ల వైరు, అంటే గ్రౌండు, వదులైంది.

ఏసీ నడుస్తుంటే కరెంటు పోతోంది

మనవాళ్ళ నుంచి ఎక్కువగా వచ్చే ఫోను ఇది, ఎందుకంటే మన అన్నం కుక్కర్ కరెంటు మీదే. 30 ఆంప్ ట్రెయిలర్‌కి మొత్తం దొరికేది 3,600 వాట్లు. ఏసీ 13 ఆంపుల దాకా, వాటర్ హీటర్ కరెంటు మీద పెడితే 12, మైక్రోవేవ్ ఇంకో 12, రైస్ కుక్కర్ 6. కూడితే 43. బ్రేకర్ పడిపోవడంలో వింతేముంది? వాటర్ హీటర్ని గ్యాస్ మీదికి మార్చండి, సగం టెన్షన్ పోతుంది. కుక్కరూ మైక్రోవేవూ ఒకేసారి వాడకండి.

లెక్క సరిపోయినా పడిపోతోందంటే వోల్టేజీ చూడండి. జులై మధ్యాహ్నం పార్కంతా ఏసీలు నడుస్తుంటే 120 ఉండాల్సింది బాగా పడిపోతుంది. 105 కంటే తగ్గితే ఏసీ కంప్రెసర్ పాడవుతుంది. ఇరవై డాలర్ల లోపు దొరికే వోల్టు మీటరు సాకెట్లో ఎప్పుడూ ఉంచండి. వీలుంటే తక్కువ వోల్టేజీకి తనే ఆపేసే సర్జ్ ప్రొటెక్టర్ కొనండి. ప్లగ్గు పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ క్యాంప్‌సైట్ కరెంటు స్తంభం మీద బ్రేకర్ ఆఫ్‌లో ఉండాలి, లేకపోతే పిన్నులు కాలి నల్లబడతాయి.

ఏసీ తిరుగుతూనే ఉండి గాలి రావట్లేదంటే లోపల ఐసు కట్టింది. ఫ్యాన్ మాత్రమే ఓ గంట నడపండి, ఫిల్టర్ కడగండి, ఆ తర్వాత ఫ్యాన్ హైలో ఉంచండి.

స్టవ్ మంట మరీ చిన్నగా వస్తోంది

సిలిండర్ వాల్వు ఒక్కసారిగా తిప్పి ఉంటారు. గ్యాస్ వేగంగా దూసుకొస్తే లీకయిందనుకుని లోపలి సేఫ్టీ వాల్వు దారి ఇరుకు చేసేస్తుంది. స్టవ్, హీటర్ అన్నీ ఆపి, సిలిండర్ మూసి, ఒక నిమిషం ఆగి, మెల్లమెల్లగా తెరవండి. గ్యాస్ వాసన వస్తే మాత్రం ఈ ప్రయోగాలేవీ వద్దు. అందర్నీ బయటికి తీసుకొచ్చి సిలిండర్ మూసేయండి.

ఫర్నేస్ ఫ్యాన్ తిరుగుతుంది, వేడి రాదు

ముందు బ్యాటరీ చూడండి. ఫ్యాన్ గాలికి లోపల ఒక చిన్న రేకు లేస్తేనే మంట అంటుకుంటుంది. బ్యాటరీ నీరసంగా ఉంటే ఫ్యాన్ తిరిగినట్టే ఉంటుంది గానీ ఆ రేకుని లేపేంత ఊపుండదు. నిండిన లెడ్ యాసిడ్ బ్యాటరీ 12.6 వోల్టులు చూపిస్తుంది. 12.1 అంటే సగం అయిపోయినట్టు, అంతకంటే కిందికి పోనివ్వద్దు. బ్యాటరీ బాగుంటే బయటి వెంట్‌లోకి టార్చి వేసి చూడండి. టెక్సస్‌లో మట్టి గూడు కట్టే కందిరీగలు ఫర్నేస్, వాటర్ హీటర్ గొట్టాల్లోకి దూరి కట్టేస్తాయి. గూడు తీసేశాక వెంట్లకి సన్నజాలీ బిగించండి.

ఫ్రిజ్ చల్లబడట్లేదు

గ్యాస్ మీద కూడా నడిచే పాతరకం ఫ్రిజ్ అయితే బండి సమంగా నిలబడిందా చూడండి. వాలుగా ఉంటే లోపలి అమోనియా సరిగ్గా పారదు, అలాగే నడిపితే శాశ్వతంగా పాడవుతుంది. పైగా చల్లబడటానికి చాలా గంటలు పడుతుంది. ముందు రోజు రాత్రే ఇంటి దగ్గర ఆన్ చేసి, పెరుగూ పాలూ ఇంటి ఫ్రిజ్‌లో చల్లబరిచాకే ఇందులో పెట్టండి.

తాలింపు వేయగానే అలారం మోగుతోంది

స్టవ్ పైన ఫ్యాన్ నడుస్తూనే ఉంటుంది, ఎండుమిరపకాయల ఘాటు మాత్రం లోపలే తిరుగుతుంది. బయటికెళ్ళి గోడ మీద ఆ ఫ్యాన్ మూత చూడండి. ప్రయాణంలో కొట్టుకోకుండా దానికి చిన్న గొళ్ళేలుంటాయి, వాటిని తీయడం మర్చిపోయారు. పైకప్పు వెంటు కూడా తెరవండి. అలారం బ్యాటరీ మాత్రం ఎప్పుడూ పీకకండి. మా అమ్మ రాజమండ్రి నుంచి వచ్చినప్పుడు బయట మడత బల్ల మీద చిన్న స్టవ్ పెట్టిచ్చాను. పులిహోర పోపు అక్కడే.

నీళ్ళ పంపు దానంతటదే గుర్రుమంటోంది

కుళాయిలన్నీ కట్టి ఉన్నా కొద్దిసేపటికోసారి పంపు మోగిందంటే ఎక్కడో నీళ్ళు కారుతున్నాయి. పేపరు నాప్కిన్ ముక్కలు జాయింట్ల కింద పరిచి చూడండి, తడిసిన చోటే లీకు. ఎక్కడా తడవకపోతే పంపులో నీళ్ళు వెనక్కి పోకుండా ఆపే చెక్ వాల్వు పోయింది. పార్కు నీళ్ళు వాడేటప్పుడు ప్రెషర్ రెగ్యులేటర్ తప్పనిసరి.

వేడినీళ్ళు రాకపోతే హీటర్ వెనక బైపాస్ వాల్వు (నీళ్ళు హీటర్లోకి పోకుండా పక్కదారి పట్టించేది) చూడండి, చలికాలంలో తిప్పింది అలాగే ఉండుంటుంది. హీటర్లో నీళ్ళు లేకుండా కరెంటు స్విచ్ వేస్తే ఎలిమెంటు క్షణాల్లో కాలిపోతుంది.

టాయిలెట్ ట్యాంకు ఖాళీ చేసినా నిండుగానే చూపిస్తోంది

సెన్సర్ల మీద కాగితం అతుక్కుంది. అసలు కారణం నీళ్ళు తక్కువ పోయడం. బ్లాక్ ట్యాంకు (టాయిలెట్‌ది) వాల్వు ఎప్పుడూ మూసే ఉంచి, మూడింట రెండొంతులు నిండాక ఒకేసారి వదలండి. తెరిచి ఉంచితే నీళ్ళు పోయి గట్టిది కిందే పేరుకుంటుంది. ముందు బ్లాక్, తర్వాత గ్రే (సింకు, షవర్ నీళ్ళది). సబ్బు నీళ్ళు గొట్టాన్ని కడిగేస్తాయి.

మూలలో నేల మెత్తగా అనిపిస్తోంది

దీన్ని వాయిదా వేయకండి. మిగతావన్నీ రిపేర్లు, ఇది ట్రెయిలర్ ప్రాణం. పైకప్పు మీద వెంట్ల చుట్టూ, అంచుల్లో ఉన్న సీలెంట్ ఎండకి పగిలి, వెంట్రుకంత సందులోంచి నీళ్ళు దిగి, గోడ లోపలి చెక్క కుళ్ళిపోతుంది. లోపల మరక కనిపించేసరికి నెలలు గడిచిపోయుంటాయి. మా ట్రెయిలర్‌లో బెడ్ పక్కన వాల్‌పేపర్ కింద చిన్న బుడగ కనిపించింది. బొటనవేలితో నొక్కితే తడిసిన బిస్కట్‌లా లోపలికి పోయింది. పైకెక్కి చూస్తే యాంటెన్నా మూల దగ్గర అంగుళం పొడవు పగులు.

పాత సీలెంట్ వదులైన చోట తీసేసి, తుడిచి, ఆరనిచ్చి, మీ పైకప్పు రకానికి పనికొచ్చే లాప్ సీలెంట్ వేయండి. సాదా సిలికాన్ వేయకండి. అది వదిలేశాక దాని మీద ఇంకేదీ అంటుకోదు. ఏడాదికి రెండుసార్లు పైకెక్కి ప్రతి సందూ చేత్తో తడిమి చూడండి.

వసంతంలో తీస్తే పైపులన్నీ పగిలున్నాయి

టెక్సస్‌లో చలేముంటుంది అనుకున్నవాళ్ళకి 2021 ఫిబ్రవరి గడ్డకట్టుడు మర్చిపోలేనిది. డిసెంబరు రాకముందే ట్యాంకులూ హీటరూ ఖాళీ చేసి, హీటర్‌ని బైపాస్‌లో పెట్టండి. ఆర్వీల (ఇలాంటి ట్రెయిలర్ల) కోసం అమ్మే గులాబీ రంగు యాంటీఫ్రీజ్ పంపుతో ఎక్కించండి. కార్లలో పోసేది విషం, అది వద్దు. ఒక్కో కుళాయి చల్లనిదీ వేడిదీ విడివిడిగా తెరిచి, గులాబీ రంగు వచ్చాకే కట్టండి. అందరూ మర్చిపోయేది బయట గోడకున్న షవర్. దాన్నీ తెరిచి చూడండి.