తూరు విలాపం - 4వ పాఠం: చేసింది ఎవరు?

పోయిన పాఠంలో బైబిల్లోని యెహెజ్కేలు ప్రవక్త పుస్తకం 27వ అధ్యాయం ఇచ్చి, గర్వం ఎక్కడుందో గీత గీయమన్నాను. సముద్రపు ఒడ్డున వర్తకంతో బతికిన తూరు నగరం కూలిపోవడం మీద శోకం అది. చాలామంది 12 నుంచి 25వ వచనం వరకు, అంటే తూరు బజారు సరుకుల పట్టిక మొత్తం గీసేశారు. తర్షీషు నుంచి వచ్చిన వెండి, ఇనుము, తగరం, సీసం కనపడగానే పక్కన "విలాసం, అందుకే శిక్ష" అని రాసేశారు. కొంత తప్పు నాదే, సరుకుల పట్టికను ముందే విడదీసి చూపించాల్సింది.  

ఆ పట్టికలో ఒక్క తిట్టు చూపించండి చూద్దాం. లేదు. యూదా గోధుమలు, తేనె, నూనె కూడా అదే బజారుకు వెళ్లాయి. 13వ వచనంలో లోహపు పాత్రలతో పాటు మనుషుల్నీ అమ్ముతున్నారు. అక్కడ కూడా ప్రవక్త గొంతు పెంచడు. ఇది కీనా, అంటే చావింట్లో పెట్టే శోకం. పోయినామె నగలు, చీరలు తలచుకుని ఏడ్చినట్టు చదవాలి.

గర్వం 3వ వచనంలో ఉంది. "నా అందానికి లోటే లేదు" అంటుంది తూరు. హీబ్రూలో కెలీలత్ యోఫీ, అంటే అందంలో సంపూర్ణం. వెంటనే 4వ వచనం అదే ధాతువును తిప్పికొడుతుంది: నీ అందాన్ని పూర్తి చేసింది నిన్ను కట్టినవాళ్లు, కాలెలూ. 11లో మళ్లీ అదే మాట, ఈసారి గోడలకు డాళ్లు వేలాడదీసిన పరాయి సైనికుల గురించి. ఈ రెంటి మధ్యలో ఓడను చూడండి, ప్రవక్త తూరునే ఓడగా చూపిస్తున్నాడు. పలకలు శెనీరువి, స్తంభం లెబానోను దేవదారు, తెడ్లు బాషానువి, తెరచాప ఐగుప్తు నార. తెడ్లు వేసేది సీదోను, అర్వదు వాళ్లు. సందులు పూడ్చేది గెబలు పట్టణపు పెద్దలు. ఓడ నడిపే నావికులు మాత్రం ఊరివాళ్లే (8వ వచనం). 26లో తూర్పుగాలికి ఆ ఓడ బద్దలైంది.

నేనైతే రెండు పెన్సిళ్లు వాడతాను. తూరు "నేను" అన్నచోట ఎరుపు, నిజంగా చేసిన "వాళ్లు" కనపడినచోట నీలం. వ్యాకరణం పుస్తకం తర్వాత తీయొచ్చు.

అభ్యాసం: 28:1-10కి ఇదే పని చేయండి. "సముద్రాల గుండెలో" అనే హీబ్రూ మాట 27లో నాలుగుసార్లు (4, 25, 26, 27), 28లో రెండుసార్లు (2, 8) వస్తుంది. తెలుగులో మధ్య, నడుమ అని మారి ఉండొచ్చు. ఆరింటిలో ఏది గొప్ప, ఏది మునక? చివరగా 26వ వచనాన్ని మీ తెలుగులో రాయండి, ప్రతి పాదంలో ముందు మూడు మాటలు, తర్వాత రెండే. కీనా నడక అదే. ఒక పూట పడుతుంది.