నాయనకి డీబీఎస్ చేయించాలా అని అడిగేముందు ఇంట్లో చేసుకోవాల్సిన పని

మాది కావలి, నాయనకి పార్కిన్సన్స్, ఒళ్లు వణికి బిగుసుకుపోయే జబ్బు. డీబీఎస్, అంటే మెదడులోకి వైరు దించి కరెంటు ఇచ్చే ఆపరేషన్, చేయించాక "తలలో కరెంటు పెట్టారంటనే, మా వోళ్లకీ పనిచేస్తాదా" అని అడిగేవాళ్లు ఎక్కువయ్యారు, అందుకే రాస్తుండా. కొత్త ప్రయోగమేం కాదబ్బా, 1987లో ఫ్రాన్స్‌లో గ్రెనోబుల్ అనే ఊళ్లో బెనాబిడ్ అనే డాక్టర్ వణుకుకి మొదలుపెట్టింది ఇది.

ముందు ఒక నోట్‌బుక్ కొనండి. గంటకోసారి, బాగున్నాడా, బిగుసుకుపోయాడా, ఒళ్లు మెలికలు తిరుగుతుందా, అంతే రాయండి, పక్కనే మాత్ర ఎప్పుడేశారు, ఏం తిన్నాడు కూడా. మాకు పది రోజులకే తెలిసిపోయింది, చేపల పులుసు అన్నం తిన్న రోజు రెండింటి మాత్ర ఎక్కనే లేదు, చొక్కా గుండీ పట్టుకుని పావుగంట అట్నే కూర్చున్నాడు. ప్రోటీన్ లెవోడోపాకి, అంటే ఆ మాత్రలో మందుకి, అడ్డం పడుద్ది, అందుకే తిండికి అరగంట ముందే మాత్ర.

ఈ లెక్క ఎందుకంటే, మెదడులో కదలికల్ని నడిపించే సర్క్యూట్‌లో సబ్‌థాలమిక్ న్యూక్లియస్ అని బాదంగింజకన్నా చిన్నది ఉంటది, ఎమ్మారై చూసి ఎక్కువగా అక్కడికే వైరు దించి, ఛాతీ పైన చర్మం కింద పెట్టిన బ్యాటరీతో సెకనుకి సుమారు 130 సార్లు కరెంటు ఇస్తారు. మాత్రకి తగ్గేవే దీనికీ తగ్గుతాయి, వణుకు ఒక్కటే మాత్రకి లొంగకపోయినా లొంగొచ్చు. మాత్ర బాగా ఎక్కినప్పుడు కూడా తూలి పడుతుంటే అది పోతుందని ఆశ పెట్టుకోవద్దు.

డీబీఎస్ పనికొస్తదా లేదా అని చూసే టెస్ట్‌కి ముందురోజు రాత్రి నుంచే మాత్రలు ఆపిస్తారు, పొద్దున నడిపించి, వేళ్లు ఆడించి మార్కులేస్తారు, మాత్రిచ్చి మళ్లీ మార్కులు, మామూలుగా 30 శాతమన్నా తేడా ఉండాలని చూస్తారు. డాక్టర్ చెప్పకుండా మీరు మాత్రలు ఆపొద్దు, చాలా ప్రమాదం. ఆ రోజు పొద్దున్నే దిగేట్టు సింహపురి ఎక్కొద్దు కూడా, మేం ఎక్కాం, బెర్త్ మీద పక్కకి తిరగలేక రాత్రంతా నరకం చూశాడు. ముందురోజే పోయి రూము తీసుకోండి.

మతిమరుపున్నా, దిగులున్నా, లేని మనుషులు కనపడుతున్నా డాక్టర్‌కి దాచకుండా చెప్పండి.

ఆపరేషన్ అయిన కొన్ని వారాలకి గానీ ఆన్ చేయరు, సెట్టింగ్ కుదరడానికి నెలలు పడుద్ది, ఆ తిరుగుళ్ల ఖర్చు కూడా ముందే లెక్కేసుకోండి. తర్వాత మోకాళ్ల నొప్పులని ఫిజియోథెరపీకి పోతే డయాథర్మీ, అంటే మిషన్‌తో లోపలికి వేడి పట్టించేది, మాత్రం పెట్టనివ్వొద్దు, వైరు వేడెక్కి మెదడు దెబ్బతినొచ్చు. ఒంట్లో ఈ మిషన్ ఉందని చెప్పే డివైస్ కార్డు ఎప్పుడూ ఒంటిమీదే ఉండాలి, మా నాయన ఇంట్లో లుంగీ మీదున్నా జేబు బనీనే వేస్తాం.